బాగున్న ఆటకు పది, బాగులేని ఆటకు మూడు

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు, వేడెక్కిన ప్లాస్టిక్ మీద దుమ్ము కాలుతున్న వాసన తగలగానే నా బొటనవేళ్లు వాటంతటవే మీటల కోసం కదిలాయి.

ఉద్యమకాలంలో బంద్ రోజున బడులు మూతపడి, బస్సులు డిపోలు దాటక, కాలిన టైర్ల మసి రోడ్డంతా పరుచుకుని, ఎక్కడో డప్పు మోగుతూ ఉంటే, మా సందులో యాదగిరన్న తన వీడియో గేముల దుకాణం షట్టరును మోకాలెత్తు దాకా దించి ఉంచేవాడు; మేం దాని కిందుగా పాకి, వేడెక్కిన టీవీలూ చెమటా ఉప్పుకారం చల్లిన జామకాయలూ కలిసిన ఆ చీకటి వాసనలోకి దూరేవాళ్లం. ఏ ఆటకైనా అరగంటకు అయిదు రూపాయలు. కార్ల పందెం టీవీ ముందు ఒకే బల్ల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లం. ఓడినవాడు లేచి పక్కవాడికి చోటివ్వాలి. మా నాన్న గుంటూరు నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి. ఆటలో నా జంట శ్రీశైలం; వాళ్ల నాన్న నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఆటో నడిపేవాడు. బంద్ రోజున ఆ ఆటో జెండా కట్టుకుని ఇంటి ముందే నిలబడి ఉండేది.

నాలుగో టీవీలోని ఫుట్‌బాల్ ఆటలో గోల్‌కీపర్ కదిలేవాడు కాదు. దానికీ అయిదే. వీధివీధినా వినిపిస్తున్న న్యాయం, వాటా అన్న మాటలు నా నోటికీ పట్టుబడిన రోజులవి.

“బాగోని ఆటకీ బాగున్నదానికీ ఒకటే రేటు ఏం న్యాయం అన్నా?” అని నిలదీశాను.

“వకీలువైతవ్‌ర నువ్వు. ఎట్ల పెట్టాల్నో నువ్వే చెప్పు,” అని నవ్వాడు యాదగిరన్న.

చెప్పాను. మర్నాటికి గోడ మీద సుద్దతో రాసి ఉంది: మంచి ఆటలకు పది, ఫుట్‌బాల్‌కు మూడు. లేనివాడికీ ఇది మేలేనని నమ్మాను.

ఆ వారమంతా బంద్‌లే. శ్రీశైలం గోడ మీది రాత చదివి, నేరుగా నాలుగో టీవీ దగ్గరకు వెళ్లాడు.

“ఇటు రారా, నీది నేనిస్తాను,” అన్నాను.

“వద్దు తియ్. నాకు గిదే మంచిగున్నది.”

మాకు వీపు పెట్టి, ఆ కదలని గోల్‌కీపర్ మీద అరగంట సేపు గోల్ మీద గోల్ కొట్టాడు. ఒక్కసారీ చేయి పైకెత్తలేదు. పాత రేటే పెట్టమని యాదగిరన్నను బతిమాలాను.

“మల్ల మార్చుడేంది? పది ఇచ్చేటోళ్లు ఇస్తనే ఉన్నరు గద,” అన్నాడాయన.

కొన్నాళ్లకు శ్రీశైలం రావడం మానేశాడు. ఆపైన కిరాయి తక్కువని వాళ్లు తుర్కయంజాల్ వెళ్లిపోయారు. నాకు చెప్పి వెళ్లలేదు.

ధర నాణ్యతను అనుసరించాలన్న పక్షాన వాదించి కాలేజీ డిబేట్ పోటీలో గెలిచాను. ఆ వాదంలో నాకిప్పటికీ తప్పు దొరకదు; నన్ను భయపెట్టేది అదే. దుకాణం ఉన్నచోట ఇప్పుడు కోచింగ్ సెంటర్ మెట్లున్నాయి. ఎల్బీనగర్‌లోని నా గదిలో, పెట్టిన ధరకు తగిన ఆటలే ఉన్నాయి. రెండో మనిషి కోసం కొన్న కంట్రోలర్ కూడా ఉంది. దాని మీటలు ఇంకా అరగలేదు.