పంపులో గులకరాళ్లు

పోయిన ఆదివారం మందిరంలో మోకాళ్ల మీద ఉండి ప్రార్థిస్తుండగా, గోడ అవతల గుప్పెడు గులకరాళ్లను రేకుడబ్బాలో వేసి కదిపినట్టు చప్పుడు మొదలైంది. ఆ రోజు మా సంఘంలో ఇద్దరు బాప్తిస్మం తీసుకోబోతున్నారు. తొట్టి నింపడానికి ఎవరో మోటారు వేశారు. చుట్టూ ఉన్నవాళ్లకు అది వట్టి మోటారు చప్పుడు. నాకు మాత్రం గానుగపిండి వాసన, ఆవిరి ఉక్క, వాటి మధ్య నుంచి ఒక ముసలాయన గొంతు వచ్చాయి. "పంపు ఏడుస్తున్నది బిడ్డా. పోయి చూడు." ప్రభువు క్షమించాలి, ఆమేన్ అనకుండానే లేచి బయటికి నడిచాను.

ఆ గొంతు ఖాసిం సాబ్‌ది. రెండువేల దశకం మొదట్లో, చదువు ముగియగానే, మణుగూరు వెళ్లే దారిలో అడవి అంచున ఉన్న ఒక చిన్న నూనె ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరాను. చుట్టుపక్కల గూడేల వాళ్లు ఏరి తెచ్చే ఇప్ప గింజల నుంచి, కానుగ గింజల నుంచి అక్కడ నూనె తీసేవారు. మాది కారేపల్లి. నాన్న సంఘ పెద్ద. పన్నెండేళ్లు నిండకముందే ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు వాక్యం చెప్పినదాన్ని నేను. ఖాసిం సాబ్‌ది ఖమ్మంలో తాళాలు బాగుచేసే కుటుంబం. బొగ్గు గనుల్లో నీళ్లు తోడే పంపుల దగ్గర సగం వయసు గడిపి, అరవైకి దగ్గరపడ్డాక మా ఫ్యాక్టరీకి వచ్చి పంపులన్నిటినీ చూసుకునేవారు. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఆయనది. నా విశ్వాసానికి బయట ఉన్న మనిషి దగ్గర నేర్చుకోవలసింది పనే తప్ప మరేమీ ఉండదని అప్పట్లో నేను గట్టిగా నమ్మేదాన్ని.

మొదటి రోజే ఆయన నా చేతికి ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇచ్చి, కొనను నడుస్తున్న పంపు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకోమన్నారు.

"ఏం వినబడుతుంది, ఇంజనీర్ మేడమ్?"

చప్పుడు వినబడుతోందన్నాను.

"చప్పుడు ఈ షెడ్డుల అందరికి వినబడుతది. ఏం చప్పుడు?"

నాకు తెలియలేదు. తెలియలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక, పంపు నీళ్లను ఎలా పీల్చుకుంటుందో కాలేజీలో చదివింది చెప్పబోయాను. ఆయన నవ్వారు.

"పంపు గుంజదు బిడ్డా, తాగుతది. నోటిదాక మనమే తెచ్చి ఇయ్యాలె. ఇయ్యకుంటే దాని పండ్లు అదే నూరుకుంటది."

నెలల తరబడి సూత్రాలుగా బట్టీపట్టిన సంగతి నాకు ఆ ఒక్క మాటతో అర్థమైంది. పంపు నీటిని ముందుకు తోస్తుంది. దాని నోటిదాకా నీటిని తోసేది తొట్టిలో నిలిచిన నీటి బరువు, ఆ నీటి మీది గాలి ఒత్తిడి. పంపు అడిగినంత తొట్టి ఇవ్వలేకపోతే నోటి దగ్గర ఒత్తిడి పడిపోతుంది. నీళ్లు వేడిగా ఉంటే అక్కడే మరిగి బుడగలవుతాయి. ఆ బుడగలు లోపల తిరిగే చక్రం మీద పగులుతూ ఇనుమును తినేస్తాయి. బయటికి వినిపించేది గులకరాళ్ల చప్పుడు.

గంటగంటకూ ఒత్తిడి చూసి పుస్తకంలో రాయాలి. చాలామంది పై వరుసలో ఉన్న అంకెనే కిందికి దించేవారు. ఖాసిం సాబ్ మీటరు అద్దాన్ని గోటితో రెండుసార్లు తట్టి, ముల్లు కుదురుకునేదాకా నిలబడి, అప్పుడు రాసేవారు. ఒకరోజు నేను "రెండు" అని రాయడం చూసి ముల్లు ఎక్కడుందని అడిగారు. రెండుకు కొంచెం కింద ఉందని, దగ్గరే కదా అని అన్నాను.

"కింద ఉంటే కింద అని రాయి. ఉన్నంత రాయి. ఇయ్యాల నువ్వు ముల్లుకు దానం చేస్తే, రేపు పంపు రోగం నాకెట్ల తెలుస్తది?"

ఆ తర్వాత నేను అంకెను ఎటు సవరించబోయినా ఆయన ఒక్క మాటే అనేవారు, "ఉన్నంత". మధ్యాహ్నం షెడ్డు పక్కన గోనెసంచి పరిచి నమాజు చేసుకునేవారు. నేను టిఫిన్ డబ్బా ముందు తల వంచేదాన్ని. మోకాళ్లు పట్టేస్తున్నాయని, నా ప్రార్థనలో తన పేరు కూడా ఒకసారి చెప్పమని అడిగారోసారి. చెప్పాను. ఆయన మోకాళ్ల కోసం కన్నా ఆయన ఆత్మ కోసమే ఎక్కువ చెప్పానన్నది నిజం.

రెండో ఏడు నాకు మొదటిసారి స్వంతంగా ఒక పని అప్పగించారు. ఆవిరి చల్లారి నీళ్లయ్యాక, ఆ వేడినీళ్లను తిరిగి బాయిలర్ దగ్గరికి పంపడానికి ఎంత పంపు కావాలో లెక్కకట్టాలి. గంటకు పన్నెండు ఘనపు మీటర్లు తేలింది. దేవుడు కొలిచి కాదు, పొర్లేటట్టు ఇస్తాడని విని పెరిగినదాన్ని. మూడు కలిపి పదిహేను చేశాను. అందులో తప్పు లేదు, మార్జిన్ అని ఎవరైనా కొంత కలుపుతారు. కలిపిన సంగతి కాగితం మీద రాయకపోవడమే తప్పు. "కావలసినది పదిహేను" అని మాత్రం రాశాను. పదిహేనే అసలు అవసరం అనుకుని మేనేజర్ గారు తన వంతుగా మరో మూడు కలిపారు. ఆ కొలతకు సరిపోయేది లేక, అమ్మేవాళ్లు దాని పై సైజు పంపు ఇచ్చారు.

పంపు బిగించిన రోజే గులకరాళ్లు మొదలయ్యాయి. ఖాసిం సాబ్ చెవిపెట్టి విని, నీళ్లు బయటికి వెళ్లే గొట్టం మీది వాల్వును సగం మూశారు. పంపు తక్కువ నీళ్లు అడగసాగింది, చప్పుడు తగ్గింది. ఒకరోజు మేనేజర్ గారు వచ్చి, కొత్త పంపును సగం వాల్వుతో నడపడమేమిటని కోప్పడి పూర్తిగా తెరిపించారు. నీళ్లు కారకుండా ఆపే సీలు అప్పటినుంచి పోవడం మొదలైంది. మూడోసారి పోయినప్పుడు వేడినీళ్లు చిమ్మి ఖాసిం సాబ్ ముంజేయి బొబ్బలెక్కింది. ఆ సాయంత్రం మేనేజర్ గారు మమ్మల్నందరినీ పిలిచి, వాల్వుతో ఆడుకుని పంపు పాడుచేసింది ఖాసిమేనని, నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు ఆపేస్తున్నానని, కారణం కూడా కాగితం మీద అలాగే రాస్తానని అన్నారు. ముప్పై ఏళ్లు పంపులు చూసిన మనిషికి, వెళ్లేటప్పుడు పంపు పాడుచేశాడన్న కాగితం. అంతకు ముందురోజే నా చిత్తుపుస్తకం తిరగేస్తూ పన్నెండు పక్కన నేను కలిపిన మూడును చూశాను. ఏం జరిగిందో నాకు పూర్తిగా తెలుసు. అయినా నోరు మెదపలేదు.

ఆదివారం కారేపల్లి వెళ్లాను. సాక్ష్యం చెప్పే వేళ లేచి నిలబడి, నేను పాపినని, బలహీనురాలినని కన్నీళ్లతో చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. అమ్మ నా భుజం నిమిరింది. కూర్చున్నాక తెలిసింది, పాపినని చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. పన్నెండు అని చెప్పడమే కష్టం.

సోమవారం పొద్దున్నే షెడ్డుకు వెళ్లాను. ఖాసిం సాబ్ చేతికి కట్టుతో మీటరు ముందు నిలబడి ఉన్నారు.

"సాబ్, ఆ పంపు తప్పు మీది కాదు. నాది."

"అవ్" అన్నారు, ముల్లు మీంచి చూపు తీయకుండా. "తొట్టి చూస్తే గింత, పంపు చూస్తే గంత. దానికి కాలేజీ చదువు ఎందుకు?"

తెలిసి కూడా మేనేజర్ గారికి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"వాల్వు ఎందుకు మూసిననో చెప్పిన, ఇనలే. నీ లెక్క సంగతి నేనెట్ల చెప్త? నువ్వు చెప్తే లెక్క అయితది. నేను చెప్తే చాడీ అయితది."

నాకు దుఃఖం ఆగలేదు. ఉద్యోగం వదిలేస్తానని, ఈ పనికి నేను తగనని, ఆయన చెయ్యి కాలడానికి నేనే కారణమని, దేవుడు కూడా నన్ను క్షమించడని ఏవేవో అన్నాను. ఆయన గుడ్డపీలికతో వేళ్లు తుడుచుకుంటూ అన్నీ విన్నారు.

"తప్పు మీద గూడ మార్జిన్ ఏస్తవా బిడ్డా? చేసినంత చెప్పు. ఎక్కువ చెప్తే సారు నీ ఏడుపు చూస్తడు, పంపును చూడడు."

ముఖం కడుక్కుని, నా చిత్తుపుస్తకం, ఆయన రాసిన పుస్తకం పట్టుకుని మేనేజర్ గారి గదికి వెళ్లాను. కావలసింది పన్నెండని, మూడు కలిపి ఆ సంగతి రాయలేదని చెప్పాను. వాల్వు సగం మూసిన రోజుల్లో ముల్లు నిలకడగా ఉందని, తెరిచాకే ఊగిందని, గంటగంటకూ రాసి ఉందని చూపించాను. ఆపై ఆగిపోయాను. అలా ఆగడం అంతకు ముందెప్పుడూ నాకు చేతకాలేదు. మేనేజర్ గారు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని పేజీలు తిప్పారు. చివరికి తనలో తాను అనుకున్నట్టుగా, "నేనూ మూడు వేశాను కదమ్మా" అన్నారు.

పంపు విప్పి, అది తక్కువ నీళ్లు అడిగేలా లోపలి చక్రాన్ని ఖమ్మంలో లేతు మీద అంచులు కోయించి చిన్నది చేయించి తెచ్చారు. మళ్లీ బిగించి వాల్వు తెరిచినప్పుడు ఖాసిం సాబ్ స్క్రూడ్రైవర్ నాకే ఇచ్చి వినమన్నారు. ఎక్కడా ఒక్క రాయి లేదు. చాప మీద ధాన్యం జారుతున్నట్టు ఒకటే చప్పుడు. "తాగుతున్నది" అన్నాను. ఆయన తల ఊపి తన గోనెసంచి వెతుక్కుంటూ వెళ్లారు. నాకు హెచ్చరిక కాగితం వచ్చింది. ఆయన కాంట్రాక్టు పొడిగించారు. మరో రెండేళ్లు చేసి, మోకాళ్లు ఇక మెట్లెక్కనివ్వక ఖమ్మం వెళ్లిపోయారు. కన్నుమూసిన కబురు నాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది. నా విశ్వాసం అప్పటికన్నా ఇప్పుడు గట్టిది. దాన్ని కొలిచి చూసుకోవడం మాత్రం ఆయన షెడ్డులోనే నేర్చుకున్నాను.

పోయిన ఆదివారం నేను బయటికి వచ్చేసరికి, మందిరం వెనక సంఘ పెద్ద ఒకాయన మోటారు ముందు నిలబడి, ఇంతకన్నా పెద్దది కొనాలేమో అంటున్నాడు. "పెద్దది అక్కర్లేదన్నా, దీని నోరు మూసుకుపోయింది" అని, ఆపించి, సంపులోంచి గొట్టం పైకి తీయించాను. కొనకు ఒక ప్లాస్టిక్ సంచి చుట్టుకుని ఉంది. తీసేశాక చప్పుడు పోయింది.

తడిసిన చీర కుచ్చెళ్లతో లోపలికి వచ్చేసరికి సాక్ష్యాల వేళైంది. పాస్టరు గారు నన్ను పిలిచారు. "ఈ వారం ఆఫీసులో, లెక్క తప్పు చేశావని ఒక అమ్మాయిని అందరి ముందు మందలించాను. తప్పు నాదని శుక్రవారం తెలిసింది. రేపు అందరి ముందే ఆమెకు చెప్తాను" అన్నాను. పాస్టరు గారు ఇంకేమైనా చెప్తానేమోనని కాసేపు చూశారు.

ఇంకేమీ లేదు. కూర్చున్నాను.