జమీందారు ఇంటి కారు

మా అత్త చేపలు కొనేవాళ్ళకి అడక్కుండానే మొప్ప ఎత్తి, తాజా చేపని తెలిసేలా లోపలి ఎరుపు చూపించేది. "సూసుకో, ఆనక నన్ననకు" అనేది. చిన్నప్పట్నించీ అలాగే వ్యాపారం చేసిన మనిషి కనక, విజయనగరంలో పాత కార్లు అమ్మే షెడ్డులో నిలబడి, "దీని మొప్ప కూడా ఓపాలి ఎత్తి సూపించు బాబూ" అని అడిగింది. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. షెడ్డు యజమాని అందరికన్నా గట్టిగా నవ్వి, తనే లేచి వెళ్ళి కారు ముందు మూత ఎత్తాడు. కిరసనాయిలు పెట్టి తుడిచిన ఇంజను తళతళలాడుతోంది. మా అత్త వంగి చూసి తృప్తిగా తలూపింది. ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

అరవయ్యో దశకం చివరి రోజులవి. మాది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఊరు. నేను కాపురానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఇంట్లో అత్త, నా మొగుడు, నేను. పక్కింట్లో మా బావగారి సంసారం. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక పడవ ఉండేది. వంజరం, చందువ లాంటి మంచి చేప పడితే ఐసు వేసి గంపలకెత్తి, ఎడ్లబండి మీద ఆమదాలవలస స్టేషనుకి చేర్చాలి. అక్కణ్ణించి రైల్లో కలకత్తా వెళ్తుంది. బండి చేరేసరికి ఐసంతా నీళ్ళైపోయేది. స్టేషను దగ్గర సరుకు కొనే షావుకారు చేపని వేలితో నొక్కి, పెదవి విరిచి, సగానికి సగం ధర కోసేవాడు. మా అత్త ఊరుకునేది కాదు. ప్లాట్‌ఫారం దద్దరిల్లేలా వాడితో దెబ్బలాడి, వాడు కోసిందాంట్లో కొంతైనా వెనక్కి లాగేది. ఆవిడ గొంతు వింటే పోర్టర్లు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు.

కారు కొనాలన్న ఆలోచన ఆవిడదే. నా మొగుడు పెళ్ళికి ముందు విశాఖపట్నంలో లారీ నడిపాడు. మా ఊళ్ళో స్టీరింగు పట్టిన మగాడు ఆయనొక్కడే. ఆ సంగతి ఆయన ఎవర్నీ మర్చిపోనిచ్చేవాడు కాదు.

"ఒరే, నీకు బండి నడపడం వొచ్చు గదా" అంది అత్త ఒకరోజు. "ఓ పాత కారు కొనీసి, ఎనకాతల సీట్లు పీకీసి సేపలేసుకుంటే, రైలు రాకముందే టేసనుకాడుంటాం. ఆ సావుకారి మొకం అప్పుడు సూడాల."

"కారంటే మాటలేటమ్మా? డబ్బులెక్కణ్ణించొస్తాయి?"

"పడవలో నీ వాటా ఉన్నాది గదా."

మా బావగారికి ఇష్టం లేదు. "వాటా అమ్ముకోకురా తమ్ముడా. కారు రోడ్డున్నకాడికే ఎల్తాది. పడవ అలాక్కాదు" అన్నాడు. అయినా తమ్ముడు పట్టిన పట్టు వదలకపోయేసరికి, బైటవాళ్ళ చేతిలో పడకూడదని తనే అప్పు చేసి ఆ వాటా కొన్నాడు.

మేం ముగ్గురం రైల్లో విజయనగరం వెళ్ళాం. ఆ పొద్దున్న అత్తా నేనూ తలంటుకుని, పెట్టెలోంచి పెళ్ళిళ్ళకి కట్టుకునే చీరలు తీసి కట్టుకున్నాం. ఎందుకంటే రైల్లోగానీ బజార్లోగానీ మా పక్కన కూచున్నవాళ్ళు చేపల వాసనని దూరం జరగడం మాకు అలవాటే. కానీ ఆ షెడ్డులో ఎవరూ జరగలేదు. యజమాని తెల్లటి పంచె, జరీ కండువాతో ఎదురొచ్చి, "రండమ్మా, రండి. ఒరే, కుర్చీలు వెయ్యండ్రా" అన్నాడు. గోళీసోడాలు తెప్పించాడు. పట్నంలో మాకు ఒకరు కుర్చీ వెయ్యడం అదే మొదలు. నేను కుర్చీ అంచున ఒదిగి కూచున్నాను, గట్టిగా కూచుంటే ఎవరైనా లెమ్మంటారేమోనని.

మాకు చూపించిన కారు పెద్దది, నల్లది. "ఇది ఒక జమీందారుగారి ఇంటి కారు" అన్నాడు యజమాని. "ఆ ఇంటి అమ్మగారు గుడికి వెళ్ళడానికి తప్ప బైటికే తియ్యలేదు. రేపు పార్వతీపురం కంట్రాక్టరొకాయన డబ్బు పట్టుకుని వస్తానన్నాడు. కానీ మిమ్మల్ని చూస్తే మీకే ఇవ్వాలనిపిస్తోంది."

నా మొగుడు ముందు మూత మీద చెయ్యి వేశాడు. "ఏటి బాబూ, నీడలో ఉన్నాది గదా, ఇంత యేడిగా ఉన్నాదేటి?"

"ఇప్పుడే స్టేషను దాకా వెళ్ళొచ్చిందండీ. రోజూ తిరిగే బండి అన్నమాట."

అత్త అప్పుడు ముందుకొచ్చింది. "బాబూ, దాపరికం ఎందుకు. మేం సేపలోళ్ళం. ఇందులో సేపలే ఏస్తాం. ఆనక మాటొకటి రాకూడదు."

"మీ బండమ్మా! చేపలు వేసుకోండి, ఏనుగుని ఎక్కించుకోండి. నాకేమిటి?"

నా మొగుడు కారుని కోట చుట్టూ ఒకసారి తిప్పుకొచ్చాడు. దిగినప్పుడు ఆయన ముఖం చూస్తే ఇంక బేరం అక్కర్లేదని ఆ యజమానికి తెలిసిపోయే ఉంటుంది.

ఇంటికి వస్తూ అరసవల్లిలో ఆగి కొబ్బరికాయ కొట్టాం. ఊళ్ళోకి రాగానే పిల్లలంతా ఇసకలో వెంటపడ్డారు. మా తోడికోడలు కారుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. తర్వాత కొన్నాళ్ళు మేం నిజంగానే రైలు కన్నా ముందు స్టేషనులో ఉన్నాం. షావుకారు చేపని నొక్కాడు, తిప్పాడు, మొప్ప ఎత్తాడు. వంక దొరకలేదు. అత్త ధర చెప్పింది, వాడు ఇచ్చాడు. ఆవిడ ముందు సీట్లో కూచుని, మోచెయ్యి బైటపెట్టి ఊళ్ళోకి వచ్చేది. నాకు తెలిసి ఆవిడ జీవితంలో సుఖపడింది ఆ కాస్త రోజులే. అవి కూడా ఆ షెడ్డువాడు మిగల్చలేదు.

ఒకరోజు వేట బాగా పడింది. కారు నిండా వంజరం వేసుకుని బయల్దేరాం. అరసవల్లి దాటాక ఇంజనులో రాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. ఆ తర్వాత ఆవిరి, పొగ. కారు ఆగిపోయింది, మరి కదల్లేదు. నా మొగుడు మూత ఎత్తి చెయ్యి కాల్చుకున్నాడు. ఎడ్లబండి ఏదైనా దొరుకుతుందేమోనని పరుగెత్తాడు. దొరికేసరికి రైలు వెళ్ళిపోయింది. కారు అడుగునుంచి ఐసునీళ్ళు రోడ్డు మీదకి కారుతున్నాయి. అత్త గంపలు దింపి రోడ్డు పక్కన పెట్టి కేకలు వేసి అమ్మింది. కలకత్తా వెళ్ళాల్సిన వంజరాన్ని దారినపోయేవాళ్ళు కవ్వళ్ళలాంటి చవక చేపల ధరకి అడిగారు. ఇచ్చేసింది. ఎండ ముదిరాక అలాగైనా అడిగేవాళ్ళు లేరు. మిగిలిందంతా పక్కనున్న వంగతోట రైతు ఎరువుకి పట్టుకుపోయాడు, దయతలచి.

శ్రీకాకుళంలో మెకానిక్కు విప్పి చూసి మమ్మల్ని పిలిచాడు. ఇంజను ఎప్పుడో పగిలిందట. పగులులో లప్పం లాంటిదేదో కూరి, పైన రంగు వేశారట. "తెలిసే అమ్మినారు. దీన్ని బాగుచెయ్యడం కన్నా ఇంకోటి కొనుక్కోండి" అన్నాడు.

కారుని వెనక్కి విజయనగరం పట్టుకెళ్ళి, అమ్మినవాడి ముందే పడేద్దామన్నాడు నా మొగుడు. ఒక లారీకి తాళ్ళతో కట్టి ఈడ్పించుకెళ్ళాలి. దానికంటే ముందు అత్త, "కంపు కొడతన్నాదంటాడు. ఆ మాట ఆడి నోటంట రాకూడదు, కడుగుదాం" అంది. వీధిలో ఆడవాళ్ళమంతా చేరాం. వెనక సీట్లు పీకేసిన చోట పరిచిన చెక్కలు ఊడదీసి ఎండలో పెట్టాం. కుంకుడురసంతో తోమి, పసుపునీళ్ళు కొట్టి, వేపాకు పొగ వేశాం. ఆరిన తర్వాత మళ్ళీ తోమాం. చివరికి ఆ కారు పెళ్ళికూతురిలాగ పసుపు వాసన వేసింది. నేను తల లోపల పెట్టి మరీ చూశాను.

విజయనగరంలో ఆ యజమాని ఈసారి లేవలేదు. లారీ గేటు దగ్గర ఆగగానే కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"అక్కడే ఆగు! లోపలికి తేకు. ఏమిటా కంపు?"

"ఇంజను పగిలిపోయిన బండి మాకమ్మినావు బాబూ" అన్నాడు నా మొగుడు.

"నేనమ్మినప్పుడు బంగారంలా ఉంది. నువ్వు చేపలు వేశావు. ఉప్పునీళ్ళు కారి ఇంజన్ని తినేశాయి. ఈ వాసన జన్మలో పోదు, ఇంకెవడు కొంటాడు దీన్ని?"

"సేపలేస్తామని నాను సెప్పనేదా? ఏనుగునెక్కించుకోమన్నావు గదా నివ్వు!" అంది అత్త.

"నేనేదో నవ్వులాటకన్నాను. నిజంగానే వేసేస్తారా, బుద్ధి లేకపోతే సరి!"

అత్త వెళ్ళి కారు తలుపులన్నీ బార్లా తెరిచింది. "రా బాబూ. దగ్గిరకొచ్చి సూడు. కంపు కొడితే ఈ బండి ఇక్కడే ఇడిసీసి ఎలిపోతాం, మరి నీ మొకం సూడం. రా!"

అతను రాలేదు. కుర్చీలోంచి కదలకుండా, కండువా తియ్యకుండా, కంపు కంపు అంటూనే ఉన్నాడు. పనివాళ్ళు కూడా ముక్కులు మూసుకున్నారు, వాళ్ళ యజమాని మూసుకున్నాడు గనక. ఒకడు, "మొప్ప ఎత్తి చూపించవే ముసలమ్మా!" అని అరిచాడు. అంతా నవ్వారు. నా మొగుడు వాడి మీదకి వెళ్ళబోతే నేనూ లారీ డ్రైవరూ పట్టుకున్నాం. కొట్టుంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఏమయ్యేది? పోలీసులొచ్చి ఎవర్ని పట్టుకెళ్ళేవాళ్ళో అందరికీ తెలుసు.

చివరికి అతనే, "పాత ఇనుము కింద పడేసిపోతానంటే చెప్పు, పోనీ పాపమని తీసుకుంటాను" అన్నాడు. వెనక్కి ఈడ్చుకెళ్ళడానికి మా దగ్గర లారీ బాడుగ లేదు. అక్కడే వదిలేశాం. దానికి మళ్ళీ లప్పం పెట్టి, రంగు వేసి, ఇంకెవరికో జమీందారు ఇంటి కారని అంటగట్టే ఉంటాడు. శ్రీకాకుళంలో ఒక ప్లీడరు కేసు వెయ్యొచ్చన్నాడు. కోర్టు చుట్టూ తిరగాలంటే మళ్ళీ ఒక పడవ అమ్మాలి. మాకు అమ్మడానికి ఇంకో పడవ లేదు.

నా మొగుడు అన్నగారి పడవలో కూలికి వెళ్ళాడు. ఒకప్పుడు సగం తనదైన పడవ అది. మా బావగారు ఒక్క మాట ఎత్తిపొడవలేదు. భోజనాల దగ్గర తమ్ముడికే ముందు వడ్డించమనేవాడు. ఆ మంచితనానికే నా మొగుడు ఎక్కువ కుంగిపోయాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు, అంతటితో పోయేది.

చాలా రోజుల తర్వాత, వల బాగుచేస్తూ, తలెత్తకుండా నాతో అన్నాడు: "ఆ కారు మూత యేడికి నాకు అప్పుడే అనుమానమొచ్చినాదే. సల్లగుంటే ఇంజను పలకదు, అందుకే మనం ఎల్లకముందే యేడిసేసి ఉంచినాడు. లారీ నడిపినోణ్ణి, నాకు తెల్దేటి?"

"మరి అప్పుడే ఎందుకనలేదు మావా?"

తెగిన వలకన్ను ఒకటి ముడేశాడు. "ఆడు మనకి కుర్సీ ఏసినాడు గదే" అన్నాడు.

మా అత్త మళ్ళీ ఎడ్లబండి మీదే ఆమదాలవలస వెళ్ళేది. షావుకారు మళ్ళీ చేపని నొక్కి పెదవి విరిచేవాడు. ఆవిడ దెబ్బలాడటం మానేసింది. వాడెంత అంటే అంత పుచ్చుకుని కొంగున ముడేసుకునేది. ఒకరోజు ఉండబట్టలేక నేనే అందుకుని వాడితో గొడవపడ్డాను. నా గొంతు ఆవిడ గొంతులా లేదు. వాడు నవ్వాడు. పోర్టర్లెవరూ తప్పుకోలేదు. అత్త నా చెయ్యి పట్టుకుని, "పద, బండి ఎలిపోతాది" అంది. దారిలో నేను అరుస్తూనే ఉన్నాను. ఆవిడ ఖాళీ గంపలకి చేరబడి, ఇంటికి వచ్చేదాకా కళ్ళు తెరవలేదు.