పెట్టె చెప్తే వింటరు

మొన్న ఆదివారం తెల్లవారుజామున మా మేనత్త పోయింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా పుణ్యాత్మురాలు, బాధపడకుండా పోయింది అంటున్నారు. ఉన్నమాట చెప్పాలంటే నాకు దుఃఖం కన్నా ఉక్రోషమే ఎక్కువగా ఉంది. ఆమె దగ్గర ఒప్పుకోవాల్సిన అబద్ధం ఒకటి ఉండిపోయింది. ఇవాళ కాదు రేపు అంటూ ఎనిమిదేళ్లు గడిపేశాను.

ఆమె ఆడపిల్లల బడిలో పంతులమ్మ. చిన్న వయసులోనే భర్త పోతే, మా ఇంట్లోనే ఉంటూ చదువుకుని ఆ పనిలో చేరింది. అరిగిపోయిన సుద్దముక్కలు కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చేది. "గోటంత ఉన్నా నాలుగక్షరాలు రాస్తది, పారేయొద్దు" అనేది. ఆ ముక్కలతో మా ఛత్రినాక గల్లీలో గడపగడపకూ తిరిగి, పిల్లను బడికి పంపండి అని అడిగేది. మంచినీళ్లిచ్చేవారు, మర్యాద చేసేవారు, పిల్లను మాత్రం పంపేవారు కాదు. అందరికన్నా మొండిది పాలమ్మే అవ్వ. "నా మనుమరాలు చదివితే బర్రె పాలు ఎక్కువిస్తదా పంతులమ్మా?" అని నవ్వేది. నాకు ఒళ్లు మండేది. అత్తకు మండేది కాదు, అది ఇంకా మంట.

అలాంటి రోజుల్లో తెలుగులో పది నిమిషాలు ప్రసంగించమని రేడియో నుంచి ఆమెకు కబురొచ్చింది. అప్పుడు నవాబు పాలన, పట్నమంతటికీ ఒకటే స్టేషన్. అందులో రోజంతా ఉర్దూ, తెలుగుకు దక్కేది చిటికెడు వేళ. అత్త పదిహేను రోజులు కూర్చుని రాసింది. చదివి వినిపించమంటే ఒప్పుకోలేదు.

"అందరితోని కలిసి రేడియోలనే విను. నేను చెప్తే ఎవ్వలు వినరు బిడ్డా, పెట్టె చెప్తే వింటరు" అంది.

పెట్టె ఉన్నది ఎదురింటి గడియారాల మరమ్మతు చిచ్చా దగ్గర. మా గల్లీకి అప్పటికి కరెంటు లేదు. రేడియో బ్యాటరీ మీద నడిచేది. అది పాతబడింది, నిండా ఛార్జి చేయించినా ఒక పగటికన్నా ఎక్కువ మోసేది కాదు. ఆ రోజు పండుగ సెలవు, పొద్దుటి నుంచీ కార్యక్రమాలున్నాయి. అత్త ప్రసంగం సాయంత్రం ఐదున్నరకు. చిచ్చా పొద్దున్నే స్టేషన్ పట్టి, ఇక ఆపనన్నాడు.

"చిచ్చా, ఐదింటిదాకా బంద్ పెట్టు. బ్యాటరీ అయిపోతది" అన్నాను.

"అరే, నీకు తెల్వది. కాంటా ముల్లు ఇప్పుడే స్టేషన్ మీద కుదిరింది. బంద్ చేస్తే మల్ల దొరకది. బహెన్ మాట్లాడేటప్పుడు గుర్రుగుర్రు అంటే ఏం చేస్తవ్?"

గల్లీ అంతా ఆయన వైపే. పైగా, అత్త టైము కన్నా ముందే మాట్లాడేస్తే ఎలా అని వాళ్ల ఫికర్! అలా పొద్దుటి నుంచీ విన్నాం. వార్తలు విన్నాం. ధాన్యం ధరలు విన్నాం. దోమల మీద ఒక డాక్టరు, పత్తి పురుగు మీద ఒక అధికారి మాట్లాడారు. పులిని కొట్టిన కథను ఒక పెద్దమనిషి ముప్పావుగంట చెప్పాడు. చిచ్చా అన్నిటినీ తెలుగు చేస్తూనే ఉన్నాడు. ఆ పులి ఎంతకీ చావలేదు. మధ్యాహ్నం నాటకం వచ్చింది, ఎవరో ఏడ్చారు, పాలవ్వ కూడా ఏడ్చింది. నాలుగింటికే పెట్టెలో గొంతులు సన్నబడ్డాయి.

ఐదున్నరకు అత్త గొంతు వచ్చింది. "అయ్యలారా..." అంది. అంతే, పెట్టె మూగబోయింది.

చిచ్చా తల పట్టుకున్నాడు. బ్యాటరీని ఈడ్చి బయట అరుగు మీద పెట్టారు. ఆ తొందరలో దానిలోని యాసిడ్ కొంత అరుగు మీద ఒలికింది. ఛార్జి చేయించుకొద్దామంటే ఉస్మాన్‌గంజ్‌లో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఇంతలో స్టేషన్ నుంచి అత్త ఎక్కిన టాంగా గల్లీలోకి తిరిగింది. ఎవరో గబగబా బ్యాటరీ మీద గోనెసంచి కప్పారు.

అత్త కొత్త నారాయణపేట చీరలో దిగి, సరాసరి వచ్చి ఆ గోనెసంచి పక్కనే కూర్చుంది.

"ఇన్నరా?"

"ఇన్నం బహెన్, మస్తు చెప్పినవ్" అన్నాడు చిచ్చా. "కండ్లల్ల నీళ్లొచ్చినయి" అంది పాలవ్వ. నేను తలూపాను. ఆ తలూపడమే ఇన్నాళ్లుగా నన్ను తింటోంది.

రెండు రోజుల తర్వాత అత్త పాలవ్వ ముంగిట్లో నిలబడింది. "కండ్లల్ల నీళ్లొచ్చినయంటివి గద అవ్వా. మరి పిల్లను ఎప్పుడు పంపుతున్నవ్?" అవ్వకు రెండే దారులు. వినలేదని ఒప్పుకోవాలి, లేదా పంపాలి. పంపింది. ఆ నెలలోనే గల్లీ నుంచి ఇంకో నలుగురు వెళ్లారు. ఆ ప్రసంగం కాగితాలు స్టేషన్‌లోనే ఉండిపోయాయి. అందులో ఏముందో మా గల్లీలో ఒక్కరికీ తెలియదు. అడుగుదామంటే, వినలేదని ముందు చెప్పాలి.

నిన్న ఆమె ట్రంకుపెట్టె తీశాం. పాలవ్వ మనుమరాలు సాయానికి వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల పంతులమ్మ పరీక్షకు చదువుతోంది. అడుగున ఆ నారాయణపేట చీర ఉంది. కుచ్చిళ్ల అంచు పొడుగునా శనగగింజంత చిల్లులు, చుట్టూ పసుపు మరక. అరుగు మీది బ్యాటరీ యాసిడ్ తగిలి, మర్నాటి ఉతుకులోనే ఊడిన చిల్లులవి. ఒక్కొక్కదాన్నీ నల్లదారంతో ఓపిగ్గా అల్లి మూసింది. అంటే గోనెసంచి కింద ఉన్నది బ్యాటరీయేనని, మేమెవరం వినలేదని, పాలవ్వ ముంగిట నిలబడేనాటికే ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్లు నన్ను తలూపనిచ్చింది. ఒక్కసారి తిట్టి ఉంటే ఏం పోయేదత్తా?

"గీ చిల్లులేంది అన్నా? గింత మంచి చీరకు?" అంది ఆ పిల్ల.

నేను నోరు తెరిచేలోపే చీరను ఒళ్లోకి లాక్కుంది. నల్లదారం అల్లికల మీద, అక్షరాలు దిద్దినట్టు, ఒక్కొక్కటిగా వేలు పెట్టి రాస్తూ కూర్చుంది.