రెండో నెంబరులో ఫ్యాను

ఎనభైల చివర్లో ఒక మే నెల. తిరుపతిలో నాయనకు కంటి శుక్లం ఆపరేషను చేయించి, చిత్తూరులో మా ఇంటికి తీసుకొచ్చాను. కంటికి కట్టు, పది రోజులు వెల్లకిలా పడక. డాక్టరు గట్టిగా చెప్పింది ఒకటే: చెమట కట్టులోకి దిగకూడదు. దిగి చీము పట్టిందంటే చూపు దక్కదు. రెండో కన్ను అంతకుముందే పోయింది కాబట్టి, నాయనకు మిగిలిన చూపంతా ఆ కట్టు కిందే ఉంది.

ఆ మాట డైరీలో రాసుకున్నాను. దాని కిందే మీటరు రీడింగు కూడా రాసుకున్నాను. ఎందుకంటే అప్పుడే మా ఫ్యానుకు పాత పెట్టె రెగ్యులేటరు తీసేసి ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు పెట్టించాను. సగానికి సగం కరెంటు మిగులుతుందని అంగడాయన చెప్పాడు. మాట నమ్మి ఊరుకునే మనిషిని కాను. ఏప్రిల్‌లో పాత పెట్టెతో పది రోజులు ఫ్యానును రెండో నెంబరులో తిప్పి, పొద్దున ఆఫీసుకు పోయే ముందు, సాయంత్రం రాగానే రీడింగు తీసుకున్నాను. ఇప్పుడు కొత్తదానితో పది రోజులు, అదే రెండో నెంబరులో. లెక్క చెడకూడదని ఇంట్లో ఇస్త్రీపెట్టె, రేడియో కూడా ఆపించాను. ఎండ ఏప్రిల్‌కంటే ముదిరిందన్న సంగతి మాత్రం నా పద్ధతిలో లేదు.

నాలుగు రోజులయ్యేసరికి తగ్గాల్సిన యూనిట్లు పెరిగాయి. డైరీ చంకలో పెట్టుకుని, మధ్యాహ్నం భోజనం వేళ అంగడికి పోయాను.

అంగడాయన పేజీలన్నీ తిరగేసి మూసేశాడు. "సార్, పాత పెట్టెను తాకి చూసినారా ఎప్పుడన్నా? మెల్లగా తిప్పితే అది కాలిపోతా ఉంటాది. ఆ వేడికి పొయ్యే కరెంటే ఇది మిగిలిచ్చేది. ఫుల్లులో తిప్పితే రెండూ ఒకటే."

"నేను పెట్టేది రెండులోనే."

"మీరు పెట్టినారు, సరే. మీరు పోయినాక ఆడే ఉండాదా?"

ఆఫీసుకు పోకుండా సైకిలు నేరుగా ఇంటికి తిప్పాను. నేను వచ్చే వేళ కాదు కాబట్టి ఇంట్లో ఎవరూ సర్దుకోలేదు. ఫ్యాను ఐదులో గిర్రున తిరుగుతోంది. అమ్మ నాయన తల దగ్గర కూర్చుని, పొడి గుడ్డతో నుదురు అద్దుతోంది. నన్ను చూసి కంగారుపడలేదు.

"దినామూ నీ సైకిలు సందు మలుపు తిరగంగానే రెండుకు తిప్పతా ఉంటి. ఈపొద్దు ముందే వస్తివి."

"చెప్పి ఉండొచ్చు గదమ్మా."

"చెప్తే పుస్తకం తీసి సూపిస్తావు. రెండులో ఆ రెక్కల్ని నేను ఎంచొచ్చు. మీ నాయన కంట్లోకి చెమట దిగితే నీ మీటరు వచ్చి తుడస్తాదా?"

"నన్ను దీంట్లోకి లాగొద్దండి," అన్నాడు నాయన పడుకునే. "కట్టు కట్టుకోనుండే వానికి అది ఎన్నో నెంబరో యాడ తెలస్తాది?"

ఆ కట్టును తాకి చూశాను. పొడిగా ఉంది. నేను చెప్పినట్టు అందరూ నడుచుకుని ఉంటే ఎలా ఉండేదో లెక్క వేయడానికి డైరీ అక్కర్లేదు. కొత్త రెగ్యులేటరులో మోసమేమీ లేదు. మెల్లగా తిప్పుకోగలిగిన ఇంట్లో అది మిగిలిస్తుంది. ఆ మే నెలలో మాది అలాంటి ఇల్లు కాదు. మిగిలిన ఆరు రోజులూ పొద్దున పోయే ముందు నేనే ఐదులో పెట్టి పోయాను. అయినా అమ్మ నా వెనకే వచ్చి ఒకసారి చూసుకునేది.

పదో రోజు తిరుపతిలో డాక్టరు కట్టు విప్పాడు. ఆయన చూపిన వేళ్ళు ఎన్నో నాయన సరిగ్గా చెప్పాడు. డాక్టరు నా వైపు తిరిగి, "ఈ ఎండల్లో ఇంత పొడిగా పెట్టినోళ్ళను చూడలేదు. బాగా చూసుకున్నారు సార్," అన్నాడు.

అమ్మ పక్కనే ఉంది. నేను కాదనలేదు.