పాట మీద నా దుకాణం పేరు

అది 2018. మహారాష్ట్రలో మా తెలుగువాళ్లు నేతకు వచ్చి స్థిరపడిన సోలాపూర్‌లో, అక్కల్‌కోట్ రోడ్డు నుంచి నీలం నగర్‌లోకి తిరిగే సందులో నాకు చిన్న మొబైల్ దుకాణం ఉండేది. ఇప్పటికీ ఉంది. చుట్టూ సాంచెల షెడ్లు, సాంచెలంటే పవర్‌లూములు. ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు. సాంచెల మోతలో నిలబడే మనిషికి చెవిలో పాట లేకపోతే రోజు గడవదు. బీడీలు చుట్టే వాళ్లకూ అంతే. అందుకే ఫోన్ల రిపేరు కంటే కార్డులు నింపే పనే నా దుకాణాన్ని నడిపింది. గిరాకీకి వచ్చినవాడు మెమరీ కార్డు ఇస్తాడు. గోరంత ఉండే ఆ ముక్కను కార్డ్ రీడర్‌లో పెట్టి, నా కంప్యూటర్‌లోని పాటల ఫోల్డరు అందులోకి ఎక్కించి ఇస్తాను. ఆ పాటల్లో ఒక్కటీ నేను కొన్నది కాదు. కొనాలని నాకెప్పుడూ తోచలేదు.

ఈ పనిలో ట్యాగ్ అని ఒకటుంది. పాట ఫైలు లోపల పాట పేరుకూ, పాడినవాళ్ల పేరుకూ గడులుంటాయి. పాట మోగుతుంటే ఫోను తెర మీద కనిపించే అక్షరాలు అక్కడివే. పాడినవాళ్ల పేరు చెరిపేసి అక్కడ దుకాణం పేరు కొట్టడం మాకు మామూలు. ఖర్చు లేని బోర్డు అది. నేను మరాఠీ అక్షరాల్లో ‘వేణూ మొబైల్, నీలం నగర్’ అని కొట్టేవాణ్ణి. ఒక సాఫ్ట్‌వేరు ఉండేది, ఫోల్డరు మొత్తానికీ ఒకేసారి ఆ పేరు పడేది.

ఆ ఏడు దసరాకు ముందు అంబక్క నా దుకాణానికి వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దది. బీడీలు చుడుతూ పాటలు కట్టేది. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే వెనక అయిదుగురు వంత పాడేవాళ్లు. వాళ్లలో ముందుండేది పద్మ, అంబక్క పక్కింటామె. కూలిలో మిగిల్చుకున్న పైసలు పోగేసి, జోడ్‌భావి పేట్‌లో ఒక చిన్న స్టూడియోలో ఎనిమిది పాటలు రికార్డు చేయించుకున్నారు. ఆ మాస్టర్ కాపీ, అంటే మిగతా కాపీలన్నీ దేని నుంచి తీయాలో ఆ అసలు ఫైలు, పెన్‌డ్రైవ్‌లో అంబక్కా పద్మా కలిసి నా దగ్గరికి తెచ్చారు.

“తమ్మీ, ఇవి కార్డులల్ల ఎక్కియ్యాలె. పైన మా ఫోటో అతికియ్యాలె. దసరకు ఇల్లిల్లు తిరిగి అమ్ముతం,” అంది అంబక్క.

“నెట్ల ఏస్తే అయిపోతది గద అక్కా. లోకమంత ఇంటది.”

“ఇని మాకేమిస్తది నీ లోకం, చప్పట్లా?” అంది పద్మ. “చప్పట్లు మేమే కొట్టుకున్నం పాటల. ఇంటికాడ నా మొగడైతే అవి గూడ కొట్టడు.”

అంబక్క నవ్వి, తర్వాత నా వైపు చూసింది. “పండుగ దాంక బయట పడనియ్యకు తమ్మీ. మళ్ల చేపిద్దమంటే మాతోని కాదు.”

నేను సరే అన్నాను. కార్డులు సిద్ధం చేయడం మొదలుపెట్టాను. పాటలు బాగున్నాయి. ముఖ్యంగా ‘ఆకు తడిసె, పొద్దు తడిసె, అక్క చెయ్యి ఆగదాయె’ అని అంబక్క ఎత్తుకుంటే, ‘ఆగదమ్మ ఆగదు’ అని మిగతావాళ్లు అందుకునే పాట.

అప్పటికి నెట్ చౌకయింది. కార్డులు నింపించుకునే వాళ్లు తగ్గిపోతున్నారు. కొన్ని రోజులు పొద్దున షట్టరు తీసి మధ్యాహ్నం దాకా ఖాళీగా కూర్చునేవాణ్ణి. ఆ వారంలోనే ఒక సాంచెల కార్మికుడు కార్డు బల్ల మీద పెట్టి, “కొత్తయి ఏమన్న ఉన్నయా అన్నా? పాతయే అయితే నేనే దించుకుంట,” అన్నాడు.

నెట్‌లో ఎక్కడా దొరకనివి నా దగ్గర ఎనిమిది ఉన్నాయి. వాటిని ఫోల్డరులో పడేశాను. పేరు కొట్టే సాఫ్ట్‌వేరు ఎప్పటిలాగే నడిచింది. కార్డు నింపి ఇచ్చాను. పొరపాటున ఎక్కాయని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. పొరపాటు కాదు. చూసి, తెలిసి ఎక్కించాను. మరునాడు అతని షెడ్డు వాళ్లు వరసగా వచ్చి అవే పాటలు అడిగారు. వాళ్లకూ ఇచ్చాను. దుకాణంలో మళ్లీ మనుషులు నిలబడ్డారు. ఆ రెండు మూడు రోజులు సంతోషంగా ఉన్నానన్నది కూడా రాయాలి.

ఆడవాళ్లు కార్డులు పట్టుకుని అమ్మకానికి బయల్దేరిన రోజున, వాళ్లకంటే ముందే పాట ప్రతి గల్లీకి చేరింది. సాయంత్రం ఆరుగురూ దుకాణానికి వచ్చారు. కార్డుల సంచి దాదాపు నిండుగానే ఉంది.

“ఏ ఇంటికి పోయినా మా ఫోన్ల ఉన్నయనే అంటున్రు,” అంది పద్మ. “ఒకామె అయితే నాకే పాడి ఇనిపిచ్చింది. ఎట్ల పోయినయ్ వేణన్నా? ఖరం చెప్పు, ఉన్నది ఉన్నట్టు.”

కంప్యూటర్ తెర వాళ్లకు కనపడకుండా పక్కకు తిప్పాను. “నా ఒక్కని దగ్గరనే లేదు గద అక్కా మాస్టర్. స్టూడియోల గూడ ఉంటది,” అన్నాను.

తప్పు స్టూడియో మీదకు పోతుందనుకున్నాను. అది అక్కడ ఆగలేదు. రికార్డింగు చివరి రోజు మిగతా అయిదుగురూ బీడీలు కంపెనీలో జమ చేయడానికి పోతే, అంబక్క ఒక్కతే స్టూడియోకు వెళ్లి పెన్‌డ్రైవ్ తెచ్చింది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. పద్మకు తెలుసు. ఆమె మెల్లగా అంబక్క వైపు తిరిగింది.

“ఆఖరుకు నువ్వొక్కదానివే పోయినవ్ గద.”

“పోయిన. అయితే?”

“ఏం లేదు. పోయినవ్ అంటున్న.”

ఆ క్షణంలో నేను నోరు విప్పి ఉంటే అంతటితో అయిపోయేది. నేను బల్ల మీది స్క్రూడ్రైవర్లు సర్దాను.

వారం తిరిగేసరికి అంబక్క ఎవరికో పాటలు అమ్ముకుని పైసలు దాచుకుందన్న మాట గల్లీ అంతా పాకింది. దసరాకు బతుకమ్మ ఆటలో అంబక్క ఎప్పటిలాగే పాట ఎత్తుకుంది. ‘అక్క చెయ్యి ఆగదాయె’ అని ఆగింది. వంత అందుకునేవాళ్లు అక్కడే ఉన్నారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆమె ఆ వంత కూడా తానే పాడుకుని, రెండో చరణం ఎత్తుకోకుండా వెళ్లిపోయింది. నేను నా ఇంటామెతో కలిసి చూస్తున్నాను.

అప్పటినుంచి నాకు ఒకటే భయం. ఆ పాట మోగుతున్న ప్రతి ఫోను మీదా నా దుకాణం పేరు కనిపిస్తోంది. ఇన్నాళ్లూ ఎవరూ చదవలేదు. రేపు ఎవరో చదువుతారు. అందుకని దుకాణానికి వచ్చిన ప్రతి కార్డునూ అడిగి తీసుకుని ఆ పాటలు తీసేయడం మొదలుపెట్టాను. “వైరస్ ఉన్నది, పైసలొద్దు, ఫుకట్ల సాఫ్ చేసి ఇస్త,” అనేవాణ్ణి. “ఫుకట్ల నీళ్లు గూడ పొయ్యవు, నీకేమైంది వేణన్నా?” అని నవ్వేవాళ్లు. పొద్దున ఒక కార్డులో తీసేస్తే సాయంత్రానికి ఆ మనిషి స్నేహితుడి ఫోన్లోంచి అవే పాటలు మళ్లీ ఎక్కించుకునేవాడు. పేరు కూడా వాటితోనే వెళ్లేది. బస్సులో ఎవరైనా ఫోను చేతిలో పట్టుకుని పాట వింటుంటే, తెర చూడాలని మెడ చాచేవాణ్ణి. ఒకాయన, “పర్స్ ఇటు లేదు, అటున్నది,” అన్నాడు.

ఎండాకాలంలో అంబక్క వచ్చింది. దసరా తర్వాత ఆమె నా దుకాణం మెట్టెక్కడం అదే మొదలు. సన్నబడింది. పాత ఫోనూ ఒక కార్డూ బల్ల మీద పెట్టింది.

“మా పాటలు ఎక్కియ్యి తమ్మీ.”

“నీ పాటలా అక్కా?”

“కార్డుల సంచి పద్మ ఇంట్లనే ఉండిపోయె. అడగనీకి పోతే తలుపు తియ్యది. పద్మ గొంతు ఇనబుద్ధి అయితుంది. ఆ వంతల దాని గొంతే పైకి వస్తది.” కొంగు ముడి విప్పి, కార్డు నింపడానికి నేను తీసుకునే పైసలు పక్కన పెట్టింది.

వద్దన్నాను. తీసుకోలేదు. తొందరలో, పేరు పడిన నా ఫోల్డరులోంచే పాటలు ఎక్కించి, సరిగ్గా పడ్డాయో లేదో చూడటానికి అలవాటు కొద్దీ ఒకటి మోగించాను. అంబక్క ఫోను కళ్లకు దగ్గరగా పట్టుకుంది. ఆమె మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదువుకుంది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది.

“వేణూ... మొబైల్. ఇదేంది తమ్మీ? నీ పేరెందుకున్నది?”

ఈసారి చెప్పడానికి అబద్ధం దొరకలేదు. ఉన్నదంతా చెప్పాను. ఫోల్డరు, ట్యాగ్, షెడ్డు వాళ్లు, స్టూడియో మాట. తిడుతుందనుకున్నాను. ఫోను ఆపి బల్ల మీద పెట్టింది.

“నాకెందుకు చెప్తున్నవ్?” అంది. “నేను అమ్ముకోలేదని నాకు ఎర్కనే. పద్మకు చెప్పు.”

ఫోను తీసుకుని వెళ్లిపోయింది.

పద్మ ఆ వేళకు బీడీ కంపెనీ బ్రాంచి దగ్గర ఉంటుంది. గంపలు ముందు పెట్టుకుని ఆడవాళ్లు వరసలో కూర్చున్నారు. దారిలో రెండుసార్లు బండి ఆపాను. ఒకసారి వెనక్కి కూడా తిప్పాను. చివరికి ఆ వరస ముందు నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాను.

పద్మ గంప మీది గుడ్డ సర్దుకుంటూ విన్నది. “అంటే ఇన్ని నెలల సంది నువ్వు దుకాణంల కూసోని చూస్తున్నవ్,” అంది.

“చూసిన అక్కా.”

“పక్కింట్ల ఉండి నేను దాని మొఖం చూడలె. దానికి జరమొస్తే గూడ పోలె. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకోని పోవాలె? చెప్పు. కార్డు సాఫ్ చేసినట్టు సాఫ్ చేస్తవా?”

ఆమె తన గంప నా చేతుల్లో పెట్టింది. “నడువు ముందట. దాని ఇంటిముందర నువ్వే మొదలు మాట్లాడు.”

అలాగే నడిచాను. వెనక పద్మ, ఆమె వెనక వంత పాడే ఇంకొకామె వచ్చారు. అంబక్క గుమ్మంలో బీడీ ఆకు కత్తిరిస్తోంది. నేను నోరు తెరిచేలోపు పద్మే నన్ను దాటుకుని వెళ్లి, ఆమె పక్కన చతికిలబడి, కత్తెర చేతిలోంచి తీసుకుంది. ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. “కొంచెం అటు జరగరాదే,” అంది చివరికి అంబక్క, “కాలు తిమ్మిరెక్కింది.”

ఇది సంతోషంగా ముగిసిందని చెప్పలేను. ఆ అయిదుగురిలో ఇద్దరు తిరిగి రాలేదు. ఇప్పుడు వాళ్లు ఊరి బయట బీడీ కార్మికులకు కట్టిన కుంభారి కాలనీకి మారిపోయారు. అక్కడికీ వెళ్లి చెప్పాను. “అయిపోయింది గద అన్నా, ఇడ్సిపెట్టు,” అన్నారు. వాళ్లకు నా మాట మీద నమ్మకం కుదరలేదు. అంబక్క నాకు పైసలిచ్చి నాతో అలా చెప్పించిందని అక్కడ ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. ఇది రాయడానికి అదొక కారణం.

ఈ పని గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఊరికే కాపీ చేస్తే ఎవరికి నష్టమని. అమ్ముడుపోని కార్డులు ఒక నష్టం. కూలి కూడబెట్టి రికార్డుకు పెట్టిన పైసలు మునిగిపోయాయి, వాటిని నేను కొద్దికొద్దిగా తీరుస్తూ వచ్చాను. తీర్చలేనిది వేరే ఉంది. పాట ముందుగానే బయటపడితే, దాన్ని కట్టినవాళ్లు దొంగ కోసం దూరం వెతకరు. అప్పటిదాకా పాట తమ మధ్యే ఉంది కాబట్టి, మొదట ఒకరినొకరు చూసుకుంటారు. నేను ఎత్తుకెళ్లింది ఎనిమిది పాటలే అనుకున్నాను. ఆ ఆరుగురికి ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకం కూడా వాటితో వెళ్లిపోయింది.

కార్డులు నింపే పని మానేశాను. ఫోన్లు బాగుచేస్తాను. అంబక్క కొత్త పాటలు కడుతూనే ఉంది. గుమ్మంలో బీడీలు చుడుతూ మిగిలిన నలుగురూ పాడుకుంటారు. సందులో ఎవరైనా రికార్డు చేయడానికి ఫోను పైకెత్తితే, పద్మ ఒక చూపు చూస్తుంది. పాట అక్కడే ఆగిపోతుంది.