మందు కొట్టని బెండకాయలు

నాలుగేళ్ల కిందటి మాట. రామన్నపేటలో మా వాడ ఆడవాళ్లం చెత్త పోసే జాగాను బాగుచేసి, అందరం కలిసి కూరగాయల తోట పెట్టుకున్నాం. ఇళ్లలోని తడిచెత్తే ఎరువు. పురుగు మందు ముట్టకూడదని నియమం పెట్టింది నేనే.

తోట చూడటానికి అధికారులు వస్తున్నారని తెలిసింది. అప్పటికే బెండ మొక్కలకు పురుగు పట్టింది. పరువు పోతుందని, పొద్దున్నే ఎవరూ చూడకుండా మా పత్తి చేనుకు తెచ్చిన మందు కొట్టాను. కాయలు కొయ్యొద్దని చెప్పడానికి ఏ సాకూ దొరకలేదు.

ఆ మధ్యాహ్నం పక్కింటి ఎల్లమ్మక్క ఆ కాయలే కోసి వండుకుంది. కాసేపటికే వాంతులతో సోలిపోయింది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం.

"ఏం తిన్నవమ్మా?" అని డాక్టర్ అడిగాడు.

"మా తోటల బెండకాయలే సారూ. మేం మందు కొట్టం. మా చెల్లెనే అడుగుండ్రి" అంటూ అక్క నా చెయ్యి పట్టుకుంది.

డాక్టర్ నా వైపు చూశాడు.

"అవును సారూ, కొట్టం" అన్నాను.

అదృష్టం బాగుండి అక్క మూడు రోజులకు కోలుకుంది. తర్వాత అధికారులు వచ్చి నాకు శాలువా కప్పితే, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

డాక్టర్ అడిగిన ఆ క్షణంలో అక్క ప్రాణం కంటే నా పేరే నాకు ఎక్కువైంది. ఆ మాట ఆమెతో ఇప్పటికీ చెప్పలేకపోయాను.