సున్నం పడని చోటు

మొన్న కర్నూల్లో మా ఇంటికి రంగులు వేయిస్తూ పెయింటర్‌తో అరగంట బేరమాడాను. అంతలో తడి గోడ వాసన తగిలి, కోయిలకుంట్లలో మా పక్కింటి సుంకమ్మత్త గుర్తొచ్చింది.

మాది సున్నం, రంగుల అంగడి. తొమ్మిదేళ్లకే మా నాయన కంటే గట్టి బేరగత్తెనని నా నమ్మకం. మా వైపు చావు జరిగిన ఇంటికి ఏడాది దాకా సున్నం వేయరు. అత్త మొగుడు, మామ చనిపోయి ఏడాది తీరాక, అత్త మా అంగట్లోనే సున్నం కొని తనే వేసుకుంది. చూద్దామని వెళ్లాను. గదంతా తెల్లగా మెరుస్తోంది. ఒక గోడ మీద మాత్రం పళ్లెమంత నూనె మరక అలాగే ఉంది. దాని చుట్టూ ఎర్రమన్నుతో సన్నటి గీత.

"సున్నం సాలలేదా అత్తా? కొసరు తెస్తానుండు," అన్నాను.

"శానా ఉండాది పాపా."

"మరి ఇదెందుకు ఇడిసిపెట్టినావు? మా సరుకుకు చెడ్డపేరు. నేనే పూస్తాలే," అని కుంచె ముంచాను.

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీ యాపారం అంగట్లో పెట్టుకోమ్మా. మీ మామ తల ఆనిచ్చి కూసున్న జాగా అది. నా కాడ ఆయప్ప ఫోటో గూడా లేదు."

"ఫోటోనా? స్టూడియోలో బేరమాడి చౌకగా తీయిస్తా," అన్నాను. అత్త నవ్వింది.

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆమె ఆ గోడ దగ్గరే కూర్చునేది, తల మాత్రం ఆనించేది కాదు. మెడనొప్పేమో అనుకునేదాన్ని. తన తలనూనె అంటితే ఏది ఆయన మరకో తెలియకుండా పోతుందని భయపడి ఉంటుంది.